పొగ గొట్టం ఎవరి పని? – ఇంట్లో కట్టెల పొయ్యి పెట్టుకునే కుటుంబాల కోసం ఒక పాఠం

మీ ఇంటి మనిషి దగ్గుతోనో, ఆయాసంతోనో వార్డులో ఉన్నారు. ఇంజెక్షన్లు, నెబులైజర్, అవసరమైతే ఆక్సిజన్‌తో కొద్ది రోజుల్లో తేరుకుంటారు. డాక్టరు గారు మందుల చీటీ రాసి ఇంటికి పంపిస్తారు. మరునాడు తెల్లవారుజామున ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అదే గది, అదే పొగ. చీటీలోని మందులన్నీ వేళకు వేసుకున్నా, పొగ ఆగకపోతే అదే మనిషి మళ్ళీ ఆయాసంతో ఆసుపత్రికి రావచ్చు.

డోంగ్లి, మద్నూర్, జుక్కల్ వైపు చాలా ఇళ్ళలో గ్యాస్ సిలిండర్ ఉన్నా కట్టెల పొయ్యి పూర్తిగా పోలేదు. స్నానానికి వేడినీళ్ళు, జొన్న రొట్టెలు, పశువుల దాణా, చుట్టాలు వచ్చినప్పుడు పెద్ద వంట – వీటన్నిటికీ కట్టెలే. చేనులో పత్తి కట్టె, కంది కట్టె డబ్బు పెట్టకుండానే దొరుకుతాయి. కాబట్టి "కట్టెల పొయ్యి మానేయండి" అని ఒక్క మాట చెప్పి పంపిస్తే సరిపోదు. మానగలిగిన వారు మానాలి. మానలేని వారు పొగ బయటికి పోయే పొయ్యి కట్టుకోవాలి, కట్టుకున్నాక దాన్ని చూసుకోవాలి. ఈ చివరి మాటే ఈ పాఠంలో ముఖ్యమైనది.

ఈ పాఠం చదివాక మీరు తెలుసుకునేవి:
1. కట్టెల పొగ ఎవరికి, ఎలా హాని చేస్తుంది?
2. పొగ గొట్టం పొయ్యి ఎలా పనిచేస్తుంది?
3. కట్టించేటప్పుడు ఏయే విషయాలు చూసుకోవాలి?
4. కట్టిన తరువాత దాన్ని ఎవరు, ఎప్పుడు శుభ్రం చేయాలి?
5. ఏ లక్షణాలు కనబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలి?

పొగలో ఏముంది?

కట్టె పూర్తిగా కాలకపోతే పొగ వస్తుంది. ఆ పొగలో రెండు ముఖ్యమైన హానికర పదార్థాలున్నాయి. మొదటిది కంటికి కనబడనంత సన్నని ధూళి. మన తల వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు ఉండే ఈ రేణువులను ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తేమ ఆపలేవు. అవి నేరుగా ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. రెండవది కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండవలసిన చోటును అది ఆక్రమిస్తుంది.

దీని వలన ఎక్కువ నష్టపోయేవారు వీరు:

చిన్న పిల్లలు: తల్లి ఒడిలోనో, చంకలోనో ఉండి పొయ్యి దగ్గరే గడుపుతారు. వారి ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతున్న దశలో ఉంటాయి. పొగ వలన న్యుమోనియా వచ్చే అవకాశం పెరుగుతుంది.

వంట చేసే స్త్రీలు: ఏళ్ళ తరబడి పొగ పీల్చడం వలన శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకవుతాయి. దీనినే సి.ఓ.పి.డి. అంటారు. బీడీ, సిగరెట్ ఎన్నడూ ముట్టని ఆడవారికి ఈ జబ్బు రావడానికి వంటింటి పొగ ఒక పెద్ద కారణం. కంటి శుక్లాలకు కూడా ఈ పొగతో సంబంధం ఉంది.

గర్భిణులు: తల్లి పీల్చిన కార్బన్ మోనాక్సైడ్ వలన కడుపులోని బిడ్డకు ఆక్సిజన్ తగ్గుతుంది. బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఉంటుంది.

ఇంటి పెద్దలు, ఆస్తమా, టి.బి., గుండె జబ్బు ఉన్నవారు: వీరు వంట చేయకపోయినా పక్క గదిలో పడుకుని అదే గాలి పీలుస్తారు.

ఇంట్లో పొగ వలన 2020 సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వారిలో 2 లక్షల 37 వేల మందికి పైగా అయిదేళ్ళ లోపు పిల్లలే.

మన జిల్లాలో కొలిచిన లెక్క

ఇది ఎక్కడో దూరాన కొలిచిన లెక్క మాత్రమే కాదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో నాలుగు వందలకు పైగా ఇళ్ళలో పరిశోధకులు గాలిని కొలిచారు. ఆ ఫలితాలు 2004లో ప్రచురించారు. డోంగ్లి ఆ రోజుల్లో నిజామాబాద్ జిల్లాలోనే ఉండేది. కామారెడ్డి జిల్లా 2016లో ఏర్పడింది, డోంగ్లి మండలం 2022లో వచ్చింది.

ఆ కొలతల్లో గ్యాస్ మీద వండే ఇళ్ళలో ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నని ధూళి ఒక ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటున 73 మైక్రోగ్రాములు ఉంది. కట్టెలు, పిడకల వంటివి వాడే ఇళ్ళలో సగటు 732 మైక్రోగ్రాముల దాకా ఉంది. అంటే పది రెట్లు. ఏ వంటచెరకు వాడుతున్నారు, ఎంత వాడుతున్నారు, వంటగది ఎలా కట్టి ఉంది అన్న వాటిని బట్టి ఈ తేడా వచ్చిందని ఆ పరిశోధకులు చెప్పారు. ఈ మూడింటిలో కనీసం ఒకటి రెండైనా మన చేతిలో ఉన్నవే.

గ్యాస్ ఉంటే ముందు గ్యాసే

ఆరోగ్యం దృష్ట్యా గ్యాస్ లేదా కరెంటు పొయ్యి అన్నిటికంటే మేలు. మంచి పొగ గొట్టం పొయ్యి కూడా వాటికి సాటి రాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016 మే 1న ఉజ్వల పథకం మొదలయ్యాయి. తెలంగాణలో అర్హులైన కుటుంబాలకు 500 రూపాయలకు సిలిండర్ ఇచ్చే పథకం 2024 ఫిబ్రవరి 27న మొదలైంది. కనెక్షన్ లేనివారు, రాయితీ అందనివారు గ్యాస్ ఏజెన్సీలోను, మండల కార్యాలయంలోను అడిగి తెలుసుకోండి.

సిలిండర్ నెలంతా రావడం లేదంటే దాన్ని ఎక్కడ వాడాలో ఆలోచించండి. పసిబిడ్డ, గర్భిణి, ఆయాసం ఉన్న పెద్దవారు ఉన్న ఇంట్లో లోపల చేసే వంట అంతా గ్యాస్ మీద చేయండి. వేడినీళ్ళు, దాణా వంటివి పెరట్లో, ఆరుబయట కట్టెల మీద పెట్టుకోండి. పప్పు ముందుగా నానబెట్టడం, గిన్నెకు మూత పెట్టడం, ప్రెషర్ కుక్కర్ వాడడం వలన సిలిండర్ మరికొన్ని రోజులు వస్తుంది.

పొగ గొట్టం పొయ్యి ఎలా పనిచేస్తుంది?

ఈ పొయ్యి మనకు కొత్తది కాదు. మన హైదరాబాద్‌లోని ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజు అనే ఇంజనీరు పొగ రాని పొయ్యిని తయారు చేశారు. ఆ పరిశోధనాలయం పేరు మీదనే దాన్ని హెర్ల్ చులా అన్నారు. సామాన్యుల వంటిళ్ళలో పొగ లేకుండా చేయడం గురించి ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1950లలో మద్రాసులో అచ్చయింది. తరువాత కేంద్ర ప్రభుత్వం 1983 చివర మెరుగైన పొయ్యిల పథకం మొదలుపెట్టి, 2002 వరకు దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచింది. మీ ఊళ్ళో పెద్దవారిని అడిగితే ఆ రోజుల్లో కట్టిన సిమెంటు గొట్టం పొయ్యి కొందరికి గుర్తుండవచ్చు.

పనిచేసే తీరు సులభం. వేడి గాలి తేలిక, అది పైకి లేస్తుంది. పొయ్యికి నిటారుగా, ఎత్తుగా ఒక గొట్టం ఉంటే లోపలి వేడి గాలి దాని గుండా పైకి పోతూ, పొయ్యి నోటి నుంచి కొత్త గాలిని లోపలికి లాక్కుంటుంది. ఆ లాగుడు వలన రెండు లాభాలు. కట్టె బాగా మండుతుంది, మిగిలిన పొగ వంటగదిలోకి రాకుండా కప్పు పైకి పోతుంది. సాధారణంగా ఇలాంటి పొయ్యికి రెండు రంధ్రాలు ఉంటాయి. మొదటిది మంట మీద, రెండవది వేడి గాలి పోయే దారిలో. మొదటి దాని మీద అన్నమో, రొట్టెలో అవుతుంటే రెండో దాని మీద నీళ్ళు కాగుతాయి.

ఆ లాగుడు పోతే మాత్రం ఇది మామూలు పొయ్యి కంటే కూడా తలనొప్పి అవుతుంది. గొట్టంలో మసి నిండినా, రెండో రంధ్రం మీద గిన్నె లేకుండా వదిలినా, గిన్నె అంచు దగ్గర సందు ఉన్నా పొగ వెనక్కి తిరిగి వంట చేసేవారి ముఖం మీదికే వస్తుంది.

రెండు అనుభవాలు – రెండు పాఠాలు

ఒడిశా పల్లెల్లో సుమారు 2,600 కుటుంబాలను ఎంచుకుని, అందులో కొందరికి గొట్టం ఉన్న మట్టి పొయ్యిలు కట్టించి, నాలుగేళ్ళ దాకా గమనించారు. మొదటి ఏడాది వంట చేసేవారు పీల్చే పొగ తగ్గింది. ఆ తరువాత ఆ లాభం కనబడలేదు. కారణం పొయ్యి నమూనా ఒక్కటే కాదు. పగుళ్ళు పూయలేదు, గొట్టం శుభ్రం చేయలేదు, క్రమంగా వాడడమే మానేశారు. పొయ్యి ఆరోగ్యం ఇస్తుందా లేదా అన్నది కట్టిన రోజున కాదు, తరువాతి నెలల్లో తేలుతుందని ఈ అనుభవం చెబుతోంది.

రెండవది మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశపు కొండ ప్రాంతానిది. అక్కడ 2002 నుంచి 2004 వరకు 534 ఇళ్ళలో చేసిన పరిశీలనలో ప్రతి వారం ఇంటింటికీ మనుషులు వెళ్ళి చూశారు, పొయ్యిలకు మరమ్మతులు చేయించారు. గొట్టం పొయ్యి ఉన్న ఇళ్ళలో పిల్లలు పీల్చే కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గింది. మొత్తం న్యుమోనియా కేసుల్లో తగ్గుదల స్పష్టంగా తేలలేదు కానీ, ప్రాణం మీదికి వచ్చే తీవ్రమైన న్యుమోనియా సుమారు మూడో వంతు తగ్గింది.

కాబట్టి గొట్టం పొయ్యి మంత్రం కాదు, వట్టిది కూడా కాదు. చూసుకునే ఇంట్లో అది ప్రాణం కాపాడగలదు. చూసుకోని ఇంట్లో కొన్నాళ్ళకు ఉత్త మట్టి దిమ్మెగా మిగులుతుంది.

కట్టించేటప్పుడు చూసుకోవలసినవి

1. చోటు: బయటి గోడకు ఆనుకుని కట్టండి. ఎదుటి గోడకు కిటికీ గానీ, వెంటిలేటర్ గానీ ఉండాలి. తలుపు నుంచి వచ్చే ఈదురుగాలి నేరుగా పొయ్యి నోట్లోకి కొట్టకూడదు. పడుకునే గదిలో కట్టవద్దు. గ్యాస్ సిలిండర్, కిరోసిన్ డబ్బా, పురుగుమందుల డబ్బాలు ఉన్న గదిలో అసలే వద్దు.

2. ఎత్తు: నేల మీద కాకుండా నడుము ఎత్తు దిమ్మె మీద కడితే మంచిది. పాకే పిల్లలు మంటలో చేయి పెట్టరు, చీర కొంగు నిప్పు మీద పడదు, నడుము నొప్పి ఉన్నవారికి సుఖం. నిలబడి వండడం అలవాటు లేని పెద్దవారు ఉంటే పీట మీద కూర్చునే ఎత్తులో కట్టించి చుట్టూ చిన్న గట్టు పెట్టండి.

3. మట్టి: మన వైపు నల్లరేగడి ఎండితే పగులుతుంది. దానితోనే కడితే వారం రోజుల్లో బీటలు పడి పొగ కారుతుంది. పుట్టమన్ను లేదా ఎర్రమన్ను తెచ్చుకోండి. అందులో ఇసుక, వరి ఊక లేదా సన్నగా తరిగిన గడ్డి, పేడ కలిపి బాగా తొక్కండి. కట్టే ముందు ఒక ముద్ద చేసి రెండు మూడు రోజులు ఆరబెట్టి చూడండి. పగిలితే ఇసుక, ఊక ఇంకొంచెం కలపండి.

4. జాలి: కట్టెల కింద ఇనుప జాలి పెట్టించండి. కింది నుంచి గాలి తగిలితే కట్టె బాగా మండుతుంది, బూడిద కిందికి రాలుతుంది.

5. రంధ్రాలు: మేస్త్రీ వచ్చినప్పుడు మీరు రోజూ వాడే గిన్నె, రొట్టె కాల్చే పెనం ఆయన ముందు పెట్టండి. వాటి కొలతకే రంధ్రం చేయించండి. చాలా ఇళ్ళలో కొత్త పొయ్యి మూలన పడడానికి కారణం ఇదే. అన్నం గిన్నె సరిపోతుంది, పెనం సరిపోదు. రొట్టెల కోసం మళ్ళీ మూడు రాళ్ళ పొయ్యి బయటికి వస్తుంది. వంట చేసే ఆమెను అడగకుండా ఇంటి పెద్ద ఒక్కరే మేస్త్రీతో మాట్లాడి కట్టించవద్దు.

6. గొట్టం: లోపలి వెడల్పు 3 అంగుళాలకు తగ్గకూడదు, 4 అంగుళాలైతే మసి త్వరగా నిండదు. కాల్చిన మట్టి గొట్టం, సిమెంటు గొట్టం లేదా రేకు గొట్టం వాడవచ్చు. ప్లాస్టిక్ గొట్టం వేడికి కరిగి విషవాయువులు వదులుతుంది, వద్దు. ఆస్బెస్టాస్ గొట్టం కూడా వద్దు, దాని పొడి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. గొట్టం నిటారుగా ఉండాలి, వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది. అడుగున మసి తీయడానికి ఒక చిన్న ద్వారం, దానికి మూత పెట్టించండి.

7. కప్పు: గొట్టం కప్పు కంటే కనీసం 2 నుంచి 3 అడుగులు పైకి ఉండాలి. కిందికి ఉంటే గాలి తిరిగినప్పుడు పొగ మళ్ళీ ఇంట్లోకే వస్తుంది. పైన వాన పడకుండా టోపీ ఉండాలి కానీ, టోపీకి గొట్టానికి మధ్య పొగ పోయేంత ఖాళీ వదలాలి. గడ్డి లేదా తాటాకు కప్పు అయితే గొట్టం చుట్టూ అడుగు మేర గడ్డి తీసేసి అక్కడ రేకు వేసి మట్టితో పూయించండి. సిమెంటు రేకుల కప్పు అయితే దానిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా ఉన్న రేకుకు రంధ్రం కొట్టి దుమ్ము లేపవద్దు. గొట్టాన్ని గోడలో నుంచి బయటికి తీసి, బయట నిటారుగా పైకి నిలబెట్టడం మేలు. పొగ పక్కింటి కిటికీలోకి పోకుండా చూసుకోండి.

మొదటి మంట – పరీక్ష

కట్టిన పొయ్యిని నీడన వారం పది రోజులు ఆరనివ్వండి. తొందరపడి పెద్ద మంట పెడితే పగులుతుంది. మొదటి రెండు రోజులు చిన్న చిన్న పుల్లలతో కొద్దిసేపు వెలిగించండి. తరువాత రెండు రంధ్రాల మీద గిన్నెలు పెట్టి, పొయ్యిలో గుప్పెడు పచ్చి గడ్డి వేయండి. పొగ ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. కప్పు పైన గొట్టంలో నుంచి మాత్రమే రావాలి. గిన్నె అంచు దగ్గర, గొట్టం మొదట్లో, పగుళ్ళలో నుంచి వస్తే మేస్త్రీ ఊళ్ళో ఉండగానే సరిచేయించండి.

వాడకం – రోజు, వారం, నెల

ప్రతి రోజు: కట్టెలు ఎండినవే వాడండి. వానాకాలానికి కావలసిన కట్టెను వేసవిలోనే చీల్చి, కప్పు కింద పేర్చుకోండి. మణికట్టు లావు కంటే పెద్దవి వేయవద్దు. పత్తి కట్టె త్వరగా కాలిపోతుంది కాబట్టి ఒకేసారి కుక్కితే మంట ఉక్కిరిబిక్కిరి అయి పొగ వస్తుంది. కొంచెం కొంచెంగా తోయండి. రెండో రంధ్రం ఎప్పుడూ ఖాళీగా వదలవద్దు. నీళ్ళ గిన్నె గానీ, మూత గానీ పెట్టండి. అంటించడానికి ప్లాస్టిక్ కవర్లు, పాత సైకిల్ ట్యూబు ముక్కలు, ఎరువుల సంచులు, రంగు వేసిన చెక్క వాడవద్దు. వాటి పొగ కట్టె పొగ కంటే విషపూరితం.

ప్రతి వారం: పొయ్యి పూర్తిగా చల్లారాక బూడిద తీయండి. రెండు రంధ్రాల మధ్య దారిలో పేరుకున్న మసి గీకండి. కంటికి కనబడిన ప్రతి పగులునూ పుట్టమన్ను, పేడ కలిపి పూయండి.

ప్రతి నెల: గొట్టం శుభ్రం చేయండి. పొడవాటి వెదురు కర్ర కొనకు గోనె గుడ్డ గట్టిగా చుట్టి, టోపీ తీసి పై నుంచి కిందికి నాలుగైదు సార్లు ఆడించండి. ముక్కుకు, నోటికి తడి గుడ్డ కట్టుకోండి. పిల్లలను, ఆయాసం ఉన్నవారిని ఆ సమయంలో దూరంగా ఉంచండి. కింది ద్వారం నుంచి మసి తీసి, తడిపి, గుంటలో పూడ్చండి. మసి మందంగా పేరుకుంటే అది లోపలే అంటుకుని కప్పుకు నిప్పు పట్టవచ్చు.

మరి గొట్టం ఎవరి పని?

వంట ఆడవారి పని అని మన ఇళ్ళలో అనుకుంటాము. పొయ్యి అలకడం, బూడిద తీయడం కూడా వారే చేస్తారు. కానీ కప్పు ఎక్కి గొట్టం శుభ్రం చేయడం సాధారణంగా వారు చేయరు. మగవారికేమో అది వంటింటి సంగతి, పట్టదు. ఇలా ఇద్దరి మధ్య ఎవరిదీ కాని పనిగా మిగిలిపోయి గొట్టం మూసుకుపోతుంది. ఆమె దగ్గుతుంది, బిడ్డ దగ్గుతుంది. చివరికి "ఈ పొయ్యి పనికిరాదు" అన్న పేరు పొయ్యికి వస్తుంది.

అందుకే ఇంటికి వెళ్ళే ముందే ఒక మనిషి పేరు నిర్ణయించండి. భర్త, కొడుకు, మరిది, ఎవరైనా సరే. ఒక్కరే ఉండాలి, పేరు పెట్టి చెప్పాలి. "అందరం చూసుకుంటాం" అంటే ఎవరూ చూసుకోరు. రోజు కూడా నిర్ణయించండి. ప్రతి అమావాస్య అనుకుంటే మర్చిపోకుండా ఉంటుంది. ఆయన ఊళ్ళో లేని నెల ఎవరు చేయాలో కూడా అనుకోండి.

తప్పక గుర్తుంచుకోవలసిన ప్రమాదాలు

కుంపటి: చలికాలంలో బొగ్గుల కుంపటిని తలుపులు మూసిన గదిలో పెట్టుకుని పడుకోవద్దు. పొగ కనబడకపోయినా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. నిద్రలోనే ప్రాణం పోవచ్చు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం, మగత కనబడితే వెంటనే ఆ మనిషిని ఆరుబయటికి తీసుకువచ్చి 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో ఆక్సిజన్: రోగికి ఇంట్లో ఆక్సిజన్ పెట్టమని డాక్టరు గారు చెప్పి ఉంటే, ఆ గదిలో పొయ్యి, దీపం, అగరుబత్తి, బీడీ ఏదీ వెలగకూడదు. ఆక్సిజన్ దగ్గర చిన్న నిప్పురవ్వ కూడా పెద్ద మంట అవుతుంది. రోగి ఆక్సిజన్ పెట్టుకుని వంటగదిలోకి రాకూడదు.

కంటి ఆపరేషన్: శుక్లాల ఆపరేషన్ అయిన వారిని డాక్టరు గారు అనుమతి ఇచ్చేవరకు పొయ్యి ముందు కూర్చోబెట్టవద్దు. పొగ తగిలి కన్ను నలిపితే కుట్టుకు, కంటికి ప్రమాదం.

కాలిన గాయం: గాయం మీద 20 నిమిషాల పాటు చల్లని శుభ్రమైన నీటిని ధారగా పోయండి. పేస్టు, సిరా, పసుపు, నూనె పూయవద్దు. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకురండి. వంట చేసేటప్పుడు నైలాన్, పాలిస్టర్ చీరలు కాకుండా నూలు బట్టలు కట్టుకోండి, కొంగు నడుముకు దోపుకోండి.

మీరు తరచుగా అడిగే ప్రశ్నలు

"సిస్టర్, మా అవ్వ బతికినన్నాళ్ళు కట్టెల పొయ్యి మీదే వండింది. తొంభై ఏండ్లు బతికింది గదా?"
బతికి ఉండవచ్చు. బీడీ తాగి తొంభై ఏళ్ళు బతికిన తాతలూ ఉన్నారు, అయినా బీడీ మంచిదని ఎవరమూ అనము. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో వంట వసారాలోనో, పెరట్లోనో చేసేవారు. ఇప్పుడు నాలుగు గోడలు, పైన రేకులు వేసిన చిన్న గదిలో అదే పొయ్యి పెడుతున్నాము. పొగకు బయటికి పోయే దారి లేదు.

"పొగ ఉంటేనే దోమలు, చెద పోతాయి గదమ్మా?"
దోమలకు దోమతెర ఉంది. దోమను తరిమే పొగను రాత్రంతా బిడ్డ కూడా పీలుస్తుంది.

"గొట్టం పెడితే కట్టె ఎక్కువ కాలుతుందా?"
లాగుడు మరీ ఎక్కువై, పెద్ద కట్టెలు కుక్కితే కాలుతుంది. సన్నని కట్టెలు కొద్దికొద్దిగా వేసి, రెండు రంధ్రాలనూ వాడుకుంటే నీళ్ళ కోసం వేరే మంట అక్కరలేదు.

"కట్టించుకునే స్తోమత ఇప్పుడు లేదు. ఏం చేయాలి?"
పొయ్యిని బయటికి, వసారాలోకి మార్చండి. అది కుదరకపోతే వంటగది పై భాగంలో గోడకు ఎదురెదురుగా రెండు వెంటిలేటర్లు తీయండి. కట్టెలు బాగా ఎండబెట్టండి. వంట అయ్యేవరకు బిడ్డను మరొకరు ఎత్తుకోండి. ఈ నాలుగింటికీ పెద్దగా ఖర్చు లేదు.

"ఇన్హేలర్ వాడుతున్నాం కదా, పొగ ఉన్నా ఫరవాలేదా?"
ఫరవా ఉంది. ఒక చేత్తో మందు ఇస్తూ మరో చేత్తో జబ్బు పెట్టినట్టు అవుతుంది. మందు మానవద్దు, పొగనే తగ్గించండి.

ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి రావాలి?

పిల్లల్లో: బిడ్డ ఏడవకుండా, ప్రశాంతంగా ఉన్నప్పుడు పూర్తి ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి.
– 2 నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ
– 2 నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50 లేదా అంతకంటే ఎక్కువ
– ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు బిడ్డకు 40 లేదా అంతకంటే ఎక్కువ
ఉంటే అది న్యుమోనియా కావచ్చు, అదే రోజు తీసుకురండి. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోవడం, పాలు తాగలేకపోవడం, మూర్ఛ, మత్తుగా ఉండడం, పెదవులు నీలంగా మారడం కనబడితే ఒక్క గంట కూడా ఆగవద్దు.

పెద్దవారిలో: కూర్చున్నా ఆయాసం, మాట పూర్తి చేయలేకపోవడం, పెదవులు లేదా గోళ్ళు నీలంగా మారడం, కళ్ళె రంగు మారి ఎక్కువ కావడం, మగత ఉంటే వెంటనే తీసుకురండి. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా కళ్ళె పరీక్ష చేయించుకోవాలి. "పొగ దగ్గే" అని ఊరుకుంటే టి.బి. దాగి ఉండవచ్చు.

ఇంట్లో అందరూ కూర్చుని నింపండి

ఈ పేజీని చింపి వంటగది గోడకు అంటించుకోండి. చదవలేని వారికి చదివి వినిపించండి.

మా ఇంట్లో పొగకు దూరంగా ఉండవలసిన మనిషి: ....................
వంట సమయంలో బిడ్డను చూసుకునేవారు: ....................
కట్టెలు చీల్చి ఎండబెట్టేవారు: ....................
గొట్టం శుభ్రం చేసేవారు: ....................
శుభ్రం చేసే రోజు: ....................
ఆయన ఊళ్ళో లేకపోతే: ....................
చివరిసారి శుభ్రం చేసిన తేదీ: ....................

మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు మందుల చీటీతో పాటు ఈ పేజీని కూడా తీసుకురండి. మందులు ఎలా వాడారో అడిగినట్టే, గొట్టం ఎప్పుడు శుభ్రం చేశారో కూడా అడుగుతాము.